కుక్కను ఇచ్చేయమని అందరూ పోరు పెడుతుంటే ఏం చేయాలి?

ఏళ్ల తరబడి ఇంట్లో పెరిగిన కుక్కను "ఇక ఎవరికైనా ఇచ్చేయండి" అనడానికి ఎవరికీ నిమిషం పట్టదు. కోడలికి నెల తప్పిందని తెలిసిన రోజే అత్తగారు అంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లిఫ్టు ముందు కుక్క చేసిన తడి ఫొటో పెడితే, కింద వరుసగా బొటనవేళ్లు లేస్తాయి. అగ్రిమెంట్ రెన్యువల్ వేళకి ఇంటి ఓనరుకు కుక్క గుర్తొస్తుంది. పండక్కి వచ్చిన పిన్నిగారు సోఫా మీద ఒక వెంట్రుక ఏరి చూపించి "పిల్లలున్న ఇల్లు కదమ్మా" అంటారు. అన్నవాళ్లు అనేసి వెళ్లిపోతారు. టెన్షన్ మీకు మిగులుతుంది.

కుక్కను ఎలాగైనా ఉంచుకోవాల్సిందేనని నేను చెప్పను. ఇవ్వక తప్పని ఇళ్లు ఉంటాయి, వాటి సంగతీ కింద రాశాను. కానీ చాలా ఇళ్లలో జరిగేది వేరు. అసలు ఇబ్బంది చిన్నది, రోజూ పడే మాట పెద్దది. ఆ మాటలు పడీ పడీ విసిగిపోయి, ఒక ఆదివారం సాయంత్రం ఎవరో తెలిసినవాళ్ల కారెక్కించి పంపేస్తారు. అలా కాకుండా ఒక వరుసలో ఎలా వెళ్లాలో చూద్దాం.

మొదట గడువు తీసుకోండి

ఎవరు అడిగినా వెంటనే అవుననొద్దు, కాదని గొడవకూ దిగొద్దు. "నెల రోజులు టైమివ్వండి, ఈలోగా మీకున్న ఇబ్బంది తగ్గిస్తాను, తగ్గకపోతే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. ఈ మాటకి రెండు లాభాలున్నాయి. అవతలివాళ్లకి మీరు వింటున్నారని తెలుస్తుంది, రోజువారీ నస కొంత ఆగుతుంది. మీకేమో కోపంలోనో ఏడుపులోనో నిర్ణయం తీసుకునే అవసరం తప్పుతుంది.

ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు "నీకు కుక్కంటే ఇష్టం లేదు" అని మొదలుపెట్టకండి. అది నిజమే కావచ్చు, కానీ అక్కడితో మాట తెగిపోతుంది. "నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడగండి. భర్త కుక్కంటే విసుక్కుంటున్నాడనుకుంటాం. తీరా అడిగితే పొద్దున్నే అయిదున్నరకు వాకింగ్ తన ఒక్కడి మీదే పడిందని తేలుతుంది. అది కుక్క తగవు కాదు, పని పంచుకునే తగవు.

అసలు ఫిర్యాదు ఏమిటో కాగితం మీద పెట్టండి

"కుక్కతో ఇబ్బందిగా ఉంది" అనేదాంతో ఏమీ చేయలేం. ఎవరికి, ఏ వేళ, ఏ పని వల్ల ఇబ్బందో రాయండి. కింది ఫ్లోర్ ఆంటీకి మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మొరుగుడు. అత్తగారికి పూజగది గుమ్మం దగ్గర పడుకోవడం. పాపకి తుమ్ములు. పనమ్మాయి దాన్ని చూసి భయపడి మానేస్తానంటోంది. ఇలా విడగొట్టాక, గుట్టలా కనిపించిన సమస్య మూడు నాలుగు చిన్న పనులుగా మారుతుంది.

మొరుగుడు గురించి మీకు తెలిసింది సగమే. మీరు ఇంట్లో లేనప్పుడు ఏం జరుగుతోందో చూడాలి. పాత ఫోను ఒకటి హాల్లో అల్మరా మీద పెట్టి వీడియో ఆన్ చేసి బయటికి వెళ్లండి. తాళం పడిన చప్పుడు దగ్గర్నుంచి చూడండి. కొన్ని కుక్కలు తలుపు వాసన చూసి, రెండు రౌండ్లు తిరిగి, పడుకుని నిద్రపోతాయి, కొరియర్ బెల్లు మోగినప్పుడే లేస్తాయి. ఇంకొన్ని తలుపు సందులో ముక్కు పెట్టి, గోళ్లతో గీకుతూ, చొంగ కారుస్తూ, గంటసేపు ఆపకుండా ఏడుస్తాయి. మొదటిది అలవాటు, రెండోది భయం. వీటికి మందు ఒకటి కాదు.

బెల్లుకి మొరిగేదానికి తేలిక దారి ఉంది. కొరియర్ వాళ్లను వాచ్‌మన్ దగ్గర పెట్టమనండి, బెల్లు మోగినప్పుడల్లా తన చాప మీదికి వెళితే తినడానికి ఒక ముక్క దొరుకుతుందని నేర్పండి. ఒంటరితనానికి భయపడేదాన్ని మాత్రం చిన్న చిన్న విడతలుగా అలవాటు చేయాలి. చెప్పులు వేసుకుని, తాళం తీసుకుని, బయటికి వెళ్లకుండా మళ్లీ కూర్చోండి. తర్వాత తలుపు బయట అర నిమిషం. తర్వాత రెండు నిమిషాలు. అది ఏడుపు మొదలుపెట్టకముందే తిరిగి రావాలి. దీనికి వారాలు పడుతుంది, అందుకే నెల గడువు అడగమన్నాను. అప్పటికీ మొదటి మెట్టు దాటకపోతే వెటర్నరీ డాక్టరును అడగండి, కొన్నిటికి కొంతకాలం మందులు కూడా అవసరమవుతాయి.

బాల్కనీలో కట్టేసే అలవాటుంటే ఈ రోజే మానండి. రోడ్డు మీద వెళ్లే ప్రతి బండీ, ప్రతి వీధికుక్కా, ప్రతి పిల్లీ దాని కంటబడుతూనే ఉంటుంది. ఎండ సంగతి సరేసరి. దాన్ని హాల్లోకి తెచ్చి కర్టెన్ వేస్తే చాలు, చాలా ఇళ్లలో మొరుగుడు సగానికి సగం తగ్గిపోతుంది.

ఉన్నట్టుండి ప్రవర్తన మారితే, ముట్టుకుంటే గుర్రుమంటే, ఇల్లు పాడుచేయడం మొదలుపెడితే, ముందు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. చెవిలో ఇన్ఫెక్షన్, పంటినొప్పి, తుంటి కీళ్ల నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, పిడుదుల వల్ల వచ్చి మన దగ్గర బాగా కనిపించే టిక్ ఫీవర్, ఇవన్నీ "కుక్కకి పొగరెక్కింది" అన్నట్టే కనిపిస్తాయి. ఖర్చు గురించి వెనకాడుతుంటే వెటర్నరీ కాలేజీల క్లినిక్కులు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వెటర్నరీ యూనివర్సిటీ, విజయవాడ పక్కన గన్నవరం కాలేజీ. క్యూలో కూర్చోవాలి గానీ బిల్లు ప్రైవేటు కంటే చాలా తక్కువ.

కడుపుతో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే

మన ఇళ్లలో కుక్కలు ఎక్కువగా బయటికి వెళ్లేది ఈ సందర్భంలోనే. కుక్క వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకి ప్రమాదమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మింగిన వెంట్రుక జీర్ణాశయంలోకి వెళుతుంది, గర్భసంచిలోకి కాదు. రెండో భయం, కడుపులో బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. ఆ పరాన్నజీవి గుడ్లు బయటికొచ్చేది పిల్లి మలంలో. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు కూడా దానికి దారి. కుక్కలు దాన్ని అలా విసర్జించవు.

అలాగని జాగ్రత్తలు అక్కర్లేదని కాదు. కుక్కకి నట్టల మందు డాక్టరు చెప్పిన లెక్కన పడాలి, ఒంటి మీద పిడుదులు ఉండకూడదు, రేబిస్ టీకా తేదీ దాటకూడదు. మలం ఎత్తే పని ఆ నెలల్లో ఇంకొకరు తీసుకోవాలి. పెద్ద కుక్క ఆనందంతో పొట్ట మీదికి ఎగరకుండా నేర్పాలి.

అత్తగారితో మీరు వాదించి గెలవలేరు. ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్న కథ చెబితే మెత్తబడతారని ఆశ పెట్టుకోకండి, ఆ కథ ఆవిడకి మీకంటే బాగా తెలుసు. దానికంటే చెకప్‌కి ఆవిడను వెంట తీసుకెళ్లండి. "అత్తయ్యా, మీ సందేహం డాక్టరమ్మనే అడగండి" అనండి. అదే మాట తెల్లకోటు వేసుకున్న మనిషి నోటి నుంచి వస్తే దాని బరువే వేరు. మడి, పూజ విషయంలో మాత్రం ఆవిడ మాటకి విలువివ్వండి. పూజగదికీ వంటింటికీ చిన్నపిల్లలకి పెట్టే గేటు లాంటిది బిగించండి. అరుగు మీదా హాల్లోనూ కుక్క, ఆ గేటు దాటితే ఆవిడ రాజ్యం. హద్దు కంటికి కనిపిస్తే సగం గొడవ తగ్గుతుంది.

కాన్పుకి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఇక్కడ బాగా పనికొస్తుంది. బిడ్డతో తిరిగొచ్చేసరికి కొన్ని నెలలు చేతిలో ఉంటాయి. ఈలోగా ఇంటి దగ్గరున్న భర్త చేయాల్సిన పనులు ఇవి. కుక్క పడక బెడ్రూమ్ నుంచి హాల్లోకి మార్చాలి, బిడ్డ వచ్చిన రోజున మారిస్తే దాని లెక్కలో తప్పంతా బిడ్డది అవుతుంది. చంటిపిల్లల ఏడుపు ఫోన్‌లో చిన్నగా వినిపిస్తూ, రోజురోజుకీ కొంచెం పెంచుతూ, ఆ వేళలోనే అన్నం పెట్టాలి. పుట్టింటి నుంచి బిడ్డ వాడిన పొత్తిగుడ్డ ఒకటి తెచ్చి వాసన చూపించాలి. బిడ్డ ఇంటికొచ్చాక ఎంత మంచి కుక్క అయినా సరే, బిడ్డనూ దాన్నీ ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు. "మా వాడు ఏమీ చేయడు" అన్న నమ్మకం మీద ఈ ఒక్క విషయం వదిలేయకండి.

పిల్లలకి ఆయాసం, తుమ్ములు అంటే

ఇది నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సిన ఫిర్యాదు. కానీ ముందు కుక్క వల్లేనా అని తేల్చుకోండి. మన ఇళ్లలో పరుపుల్లోని దుమ్ము పురుగులు, బొద్దింకలు, గోడ చెమ్మకి పట్టే బూజు కూడా అవే లక్షణాలు తెస్తాయి. అలర్జీ డాక్టరు దగ్గర చర్మం మీద చేసే పరీక్ష ఉంది, అది చేయించండి.

"రెండు వారాలు ఊరికి పంపి చూద్దాం" అనే సలహాతో ఏమీ తేలదు. అలర్జీ తెచ్చేది కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. అవి సోఫాల్లో, పరుపుల్లో, కర్టెన్లలో నెలల తరబడి ఉండిపోతాయి. కుక్క లేకపోయినా బిడ్డ తుమ్ముతూనే ఉంటుంది. దానికి బదులు బిడ్డ వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు ఎలా ఉందో గమనించి డాక్టరుకి చెప్పండి.

అలర్జీ తక్కువగా ఉంటే, బిడ్డ గదిలోకి కుక్క రాకపోవడం, తడిగుడ్డతో తుడవడం, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకడం, హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్, వీటితో నెట్టుకొచ్చే ఇళ్లున్నాయి. మందులు వాడుతున్నా బిడ్డకి ఆస్తమా అదుపులో లేకుండా ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వస్తోంటే, డాక్టరు కుక్క వల్లేనని తేల్చి చెబితే, ఇక బేరాలు వద్దు. నేరుగా మంచి ఇల్లు వెతకడం దగ్గరికి వెళ్లండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో ఎలా మాట్లాడాలి

జనరల్ బాడీలో చేతులెత్తించి "మన బిల్డింగ్‌లో కుక్కలు నిషేధం" అని తీర్మానం చేస్తే అయిపోతుందని చాలామంది ప్రెసిడెంట్లు అనుకుంటారు. అలా కాదు. కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా 2015 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఒప్పుకున్నా, అసోసియేషన్ నియమావళి అయిన బైలాస్ మార్చినా, పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదని అందులో ఉంది. ఫలానా జాతి కూడదని, మొరుగుతోంది కాబట్టి పంపేయాలని పట్టుబట్టకూడదు. లిఫ్టు వాడొద్దనకూడదు, అందుకు విడిగా డబ్బు వసూలు చేయకూడదు. 2021లో కేరళ హైకోర్టు కూడా పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే బైలాస్ చెల్లవని తీర్పిచ్చింది.

మీది రాట్‌వైలరో పిట్‌బుల్లో అయితే 2024 మార్చి నాటి కేంద్రం ఉత్తరం చూపిస్తారు, 23 జాతులను ప్రమాదకరమని రాసింది అదే. ఆ ఉత్తరాన్ని కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది. అయినా అలాంటి కుక్కను పెంచేవాళ్లు మిగతావాళ్లకంటే రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి, అది వేరే సంగతి.

చట్టం మీ వైపుందని మీటింగులో కాగితాలు విసిరేస్తే పని జరగదు. పొద్దున లేస్తే ఆ మొహాలే చూడాలి. ముందు మీ వైపు పని పూర్తి చేయండి. కార్పొరేషన్ లైసెన్స్, టీకా పుస్తకం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉంటే ఆ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టండి. కారిడార్లో లీష్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయించొద్దు. జేబులో కవర్లు ఉండాలి, మలం మీరే ఎత్తాలి. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు లోపల ఎవరైనా ఉంటే "మీరు వెళ్లండి, మేం తర్వాత వస్తాం" అని ఆగండి. కుక్కంటే భయపడే మనిషి ఆ ఇనుప డబ్బాలో మూలకి ఒదిగి, చున్నీ గట్టిగా పట్టుకుని, అంకెలు మారడం చూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే మీకే అర్థమవుతుంది. ఫిర్యాదుల్లో చాలా భాగం అక్కడే పుడతాయి.

ఆ తర్వాత సెక్రటరీకి కాగితం మీద రాసివ్వండి. వాట్సాప్‌లో కాదు, అక్కడ ఎవరూ వెనక్కి తగ్గరు. ఇలా రాయొచ్చు:

"ఫ్లాట్ నంబర్ ఫలానాలో ఉంటున్న మేము పెంచుకుంటున్న కుక్క గురించి ఫిర్యాదు వచ్చిందని తెలిసింది. దానికి టీకాలన్నీ వేయించాం, కాపీలు జతచేస్తున్నాం. మధ్యాహ్నం మొరుగుతున్న మాట నిజమే, ఈ తేదీ నుంచి ట్రైనింగ్ ఇప్పిస్తున్నాం. వాకింగ్ వేళలు పొద్దున ఆరు, రాత్రి పది గంటలకి మార్చుకున్నాం. ఇంకేమైనా ఇబ్బంది ఉంటే నేరుగా మాకు ఫోన్ చేయగలరు. కుక్కను తీసేయమనే తీర్మానం మాత్రం వెల్ఫేర్ బోర్డు మార్గదర్శకాలకు విరుద్ధం కనుక, దాన్ని పరిగణించవద్దని మనవి."

బెదిరింపులు, నీళ్లు ఆపడం, కుక్కకి విషం పెడతామనడం దాకా వస్తే స్క్రీన్‌షాట్లు దాచి పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి.

అద్దె ఇంటి లెక్క వేరు. అక్కడ అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం. పదకొండు నెలల కాగితంలో పెంపుడు జంతువుల ఊసే లేకపోతే, రెన్యువల్‌లో ఒక వాక్యం రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్, డీప్ క్లీనింగ్ మీ ఖర్చేనని ముందే చెప్పండి. ఓనరు ససేమిరా అంటే, ఇల్లు మారడం కుక్కను మార్చడం కంటే తేలికేమో కూడా ఆలోచించండి. ఊరే మారాల్సి వస్తే రైల్లో ఫస్ట్ ఏసీ కూపే లేదా క్యాబిన్ మొత్తం బుక్ చేసుకుని కుక్కను వెంట తీసుకెళ్లొచ్చు.

పిల్లలు అమెరికాలో, కుక్క అమ్మానాన్నల దగ్గర

ఈ కథ కూకట్‌పల్లిలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో అబ్బాయి లాబ్రడార్ పిల్లను తెచ్చాడు. రెండేళ్లకి ఎంఎస్‌కి వెళ్లాడు. ఇప్పుడు ముప్పై కేజీలు దాటిన కుక్కను మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు లాక్కెళుతున్నారు, నిజానికి అదే ఆయన్ని లాక్కెళుతోంది. బంధువులు "పెద్దవాళ్లకి ఈ చాకిరీ ఏంటి" అంటారు. వాళ్ల మాటలో తప్పు లేదు. వీధిలో కుక్క ఒక్కసారి పిల్లి వెంట దూకితే తుంటి విరిగేది నాన్నగారికి.

అబ్బాయిగా మీరు చేయాల్సింది డాలర్లలో ఆలోచించడం. పొద్దున సాయంత్రం వచ్చే డాగ్ వాకర్ జీతం, ఇంటికొచ్చి చూసే డాక్టరు, వాళ్లు తీర్థయాత్రకి వెళ్లినప్పుడు బోర్డింగ్, అన్నీ మీ అకౌంట్ నుంచి నేరుగా వెళ్లాలి. నాన్నగారిని అడిగితే "అక్కర్లేదు నాన్నా, నేను చూసుకుంటాలే" అంటారు, ఆ మాట నమ్మకండి. మెడ పట్టీ బదులు ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ కొనిస్తే లాగడం తగ్గుతుంది. టైల్స్ మీద జారకుండా అది తిరిగే దారిలో చాపలు పరిపించండి. అమ్మని విడిగా, నాన్న లేనప్పుడు, ఫోన్ చేసి అడగండి: "నిజంగా చెప్పు, ఉంచుకోవాలని ఉందా?" చాలా ఇళ్లలో అమ్మానాన్నలే దాన్ని వదల్లేరు. పిల్లలు వెళ్లిపోయిన ఇంట్లో పొద్దున్నే లేవడానికి కారణం అదే మరి.

అమెరికాకి తెప్పించుకోవాలనుకుంటే నెలల ముందు మొదలుపెట్టాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి. కుక్కకి ఆరు నెలలు నిండాలి, ముందు చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. ఇండియా వాళ్ల లెక్కలో రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశం కాబట్టి ఇంకొన్ని మెట్లు ఉన్నాయి. టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు రక్తం తీసి, వాళ్లు ఒప్పుకున్న ల్యాబులో పరీక్ష చేయించాలి. దిగే ఎయిర్‌పోర్టులో సీడీసీ గుర్తింపు ఉన్న కేంద్రంలో చోటు బుక్ చేయాలి. రక్తపరీక్ష రిపోర్టు లేకపోతే 28 రోజులు అక్కడే క్వారంటైన్, మీ ఖర్చుతో. బ్రిటన్‌కి అయితే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి, అదీ కార్గోలోనే వెళ్లాలి. ఆస్ట్రేలియాకి ఇండియా నుంచి నేరుగా పంపనే పంపలేం. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను చాలా విమానాలు ఎక్కించుకోవు, వాటికి గాలి పీల్చడం కష్టం. ఇవన్నీ చూసుకున్నాకే వీసా సంబరంలో మాటివ్వండి.

కరిచిందంటే

ఇక్కడ మొహమాటాలు వద్దు. గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి, ఖర్చు మీరే పెట్టుకోవాలి. కుక్కను పది రోజులు కట్టుదిట్టంగా గమనించాలి. కుక్కను అజాగ్రత్తగా వదిలి మనుషులకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అన్నం గిన్నె దగ్గర పిల్లాడు చెయ్యి పెడితే ఒకసారి కరవడం వేరు, కారణం లేకుండా పదే పదే మీద పడటం వేరు. మొదటిది ఏర్పాటు మార్చుకుంటే ఆగుతుంది, అన్నం వేరే గదిలో తలుపేసి పెట్టండి. రెండోదానికి డాక్టరు, ఆ తర్వాత ప్రవర్తన నిపుణుడు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ కుక్క ఆ ఇంట్లో ఉండకపోవడమే మంచిది. కానీ కరిచిన సంగతి దాచి ఇంకొకరికి అంటగట్టడం కంటే పాపం లేదు.

ఇవ్వక తప్పకపోతే

ముందు ఏం చేయకూడదో చెబుతాను. ఊరి చివర వదిలిపెట్టకండి. ఇంట్లో పెరిగిన కుక్కకి రోడ్డు దాటడం రాదు, అక్కడి కుక్కల గుంపు దాన్ని రానివ్వదు. అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే కాబట్టి చట్టానికి భయపడతారని కాదు, తెలిసి ఉండాలని రాస్తున్నాను. షెల్టర్లో దింపేయడం కూడా తేలిక కాదు. హైదరాబాద్ బ్లూ క్రాస్, విశాఖలోని వీఎస్‌పీసీఏ లాంటివి దెబ్బతిన్న, జబ్బుపడిన జీవాలతోనే కిక్కిరిసి ఉంటాయి. పరుపు మీద పడుకున్న కుక్క ఆ అరుపుల మధ్య బోనులో తిండి మానేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట "ఫామ్‌హౌస్‌కి పంపేద్దాం, హాయిగా పరిగెత్తుతుంది". వినడానికి బాగుంటుంది. వెళ్లి చూడండి. ఓనరు నెలకోసారి వస్తాడు. మిగతా రోజులు వాచ్‌మన్ ఒక్కడే. కోళ్ల వెంట పడుతోందని రెండో రోజే గొలుసు పడుతుంది, మామిడిచెట్టు మొదట్లో ఆ గొలుసు తిరిగినంత మేర గుండ్రంగా గడ్డి చచ్చిపోయి ఉంటుంది. తిండి మిగిలిన అన్నం. పిడుదులు, పాములు, ఎండ. హస్కీలు, సెయింట్ బెర్నార్డులు కూడా ఇలా వెళ్లినవి ఉన్నాయి. ఫామ్‌హౌస్‌లో మనుషులు కాపురముండి, కుక్క వాళ్లతో ఇంట్లో పడుకుంటుందంటేనే ఆలోచించండి.

ఇచ్చే ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఉచితంగా దొరికే ఆడ లాబ్రడార్, ఆడ షిట్జూ కోసం కాచుకుని ఉండేవాళ్లున్నారు, ఈతకి ఈత పిల్లలను అమ్ముకోవడానికి. ఆపరేషన్ అయిందని రాయగానే సగం ఫోన్లు ఆగిపోతాయి. ఆగిపోయినవన్నీ అక్కర్లేని ఫోన్లే.

వెతకడం దానికి తెలిసిన మనుషులతో మొదలుపెట్టండి. ట్రిప్పులకి వెళ్లినప్పుడు చూసుకున్న స్నేహితులు, వాకింగ్‌లో రోజూ పలకరించేవాళ్లు, పాత కుక్క పోయిందని డాక్టరు దగ్గర చెప్పుకున్నవాళ్లు. తర్వాతే దత్తత గ్రూపులు. ప్రకటనలో ముద్దుమాటలు తగ్గించి నిజాలు పెట్టండి: వయసు, టీకాలు, ఆపరేషన్, పిల్లలతో ఎలా ఉంటుంది, ఉరుములకి మంచం కింద దూరుతుంది, చెప్పులు కొరుకుతుంది, ఎందుకు ఇస్తున్నారు.

ఫోన్ చేసినవాళ్లను ఈ నాలుగూ తప్పక అడగండి. పగలు ఇంట్లో ఎవరుంటారు? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఆఖరిది ఫోన్లో తేలదు, ఇంటికి వెళ్లండి. కుక్కను తీసుకెళ్లి గంటసేపు కూర్చోండి. టీ ఇచ్చిన ఇల్లాలు కుక్క దగ్గరికి వచ్చినప్పుడు కాళ్లు వెనక్కి తీసుకుంటోందంటే, మొగుడు ఎంత ఉత్సాహంగా ఉన్నా అక్కడ ఇవ్వకండి. ఆర్నెల్లలో మీ కథే అక్కడా మొదలవుతుంది.

కుదిరితే రెండు వారాలు ట్రయల్ పెట్టుకోండి, ఆ రోజుల తిండి ఖర్చు మీదే. ఖాయమయ్యాక చిన్న కాగితం రాసుకోండి. అందులో ఆధార్ కాపీలు, టీకా పుస్తకం ఇచ్చినట్టు, లైసెన్స్ పేరు మార్చుకుంటారన్నట్టు, ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మీకే తిరిగి ఇవ్వాలన్నట్టు ఉండాలి. మెడ పట్టీకి రెండు ఇళ్ల ఫోన్ నంబర్లూ ఉన్న బిళ్ల తగిలించండి, మొదటి వారాల్లో తలుపు తెరిచి ఉంటే పాత ఇంటి దారి పట్టే కుక్కలు చాలా ఉంటాయి.

వెంట పంపే సంచిలో తినే తిండి రెండు వారాలకి సరిపడా, దాని గిన్నె, అది పడుకునే దుప్పటి ఉతక్కుండా పెట్టండి. ఒక కాగితం మీద దానికి తెలిసిన మాటలు రాయండి. "కూర్చో", "వద్దు", "పాలు", "బయటికెళ్దామా", "నాన్నొచ్చాడు". కొత్త ఇంట్లో హిందీయో తమిళమో మాట్లాడేవాళ్లయితే ఈ కాగితం మరీ అవసరం, "బైఠో" అంటే మొహం చూస్తూ నిలబడుతుంది, మొండిదనుకుంటారు.

పిల్లలకి అబద్ధం చెప్పొద్దు. "డాక్టరు దగ్గరుంది, వస్తుంది" అంటే రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తారు. ఎక్కడికి వెళుతోందో, ఎందుకో ముందే చెప్పి, సంచి సర్దడంలో వాళ్లనీ కూర్చోబెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి.

కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు రోజులు సరిగా తినకపోవచ్చు, గుమ్మం దగ్గరే కూర్చోవచ్చు. కొత్తవాళ్లకి ఇది ముందే చెప్పండి, లేదంటే కంగారుపడి ఫోన్ చేస్తారు, మీరు కంగారుపడి వెళ్లిపోతారు. మొదటి నెల చూడ్డానికి వెళ్లకుండా ఫొటోలతో సరిపెట్టుకుంటే దానికే మంచిదని నా అభిప్రాయం, ఇందులో వేరే మాట చెప్పే ట్రైనర్లూ ఉన్నారు.

ఒకవేళ వాళ్లు తిరిగి తెచ్చి ఇస్తే అదే వారం ఇంకో ఇల్లు వెతకడం మొదలుపెట్టకండి. కనీసం రెండు మూడు వారాలు దాని పాత చోట, పాత వేళలకి అన్నం పెడుతూ ఉంచండి. అక్కడ ఏం కుదరలేదో వాళ్లను కూర్చోబెట్టి వివరంగా అడిగి రాసుకోండి, తర్వాత పెట్టే ప్రకటనలో ఆ వివరం చేర్చండి.